పాముకాటు నుంచి తొలి వయల్ దాకా: ఒక క్యాజువాలిటీ పరిశోధన పత్రం డైరీ

శ్రీకాకుళం జిల్లాలోని ఒక ప్రభుత్వ ఆసుపత్రి క్యాజువాలిటీలో పనిచేసే ముగ్గురు వైద్యులము, ఒక స్టాఫ్ నర్సు, కమ్యూనిటీ మెడిసిన్ విభాగంలోని ఒక గణాంక నిపుణురాలు కలిసి చేసిన పని ఇది. పాము కరిచిన క్షణం నుంచి యాంటీవీనం (పాము విషానికి విరుగుడు మందు) తొలి వయల్ (మందు సీసా) ఒంట్లోకి ఎక్కేదాకా ఎంత సమయం గడిచింది, ఆ ఆలస్యం దారిలో జరిగిందా, మా గుమ్మం దాటాక జరిగిందా అన్నదే మా ప్రశ్న. 2021 జనవరి నుంచి 2023 డిసెంబరు దాకా ఉన్న కేస్ షీట్లలోనే జవాబు వెదికాము.

పత్రం ఇంకా పత్రిక పరిశీలనలో ఉంది కనుక వైద్య ఫలితాల అంకెలు ఇక్కడ రాయడం లేదు. ఎన్ని కాగితాలు తిరగేశాము, ఎక్కడ తప్పు చేశాము, ఏమి మార్చాము, ఎంత ఖర్చయింది అన్న పని లెక్కలు మాత్రమే రాస్తున్నాను. టెక్కలిలోనో, పార్వతీపురంలోనో, విజయనగరంలోనో ఇదే పని తలపెట్టేవారికి మా తప్పులు మళ్ళీ జరగకుండా ఉండాలన్నదే ఉద్దేశం.

దశ 0: పారేసిన 64 షీట్లు

పరిశోధనలకు అనుమతి ఇచ్చే ఎథిక్స్ కమిటీకి దరఖాస్తు పెట్టకముందే రికార్డు గది తాళం తీయించి, రెండు వారాల్లో 64 కేస్ షీట్ల వివరాలు ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించాము. పాత కాగితాలే కదా, రోగిని ముట్టుకోవడం లేదు కదా అన్నది మా ధీమా. ఐ.సి.ఎం.ఆర్. (భారత వైద్య పరిశోధన మండలి) 2017లో వెలువరించిన జాతీయ నైతిక మార్గదర్శకాలు తెరిచి చూశాక ఆ ధీమా పోయింది. పాత రికార్డుల పరిశోధనకు రోగి సమ్మతి నుంచి మినహాయింపు దొరకవచ్చు కానీ, దాన్ని ఇచ్చే అధికారం కమిటీకే ఉంది తప్ప పరిశోధకుడికి లేదు. కమిటీ కార్యదర్శి మేడమ్ మొహమాటం లేకుండా చెప్పారు: "మీరు మొదలుపెట్టిన తేదీ మా అనుమతి తేదీ కన్నా ముందుంటే నేను ఏ ఉత్తరమూ ఇవ్వలేను డాక్టర్ గారూ."

ఆ 64 షీట్ల ఫైలును చెరిపేశాము. అనుమతి సంఖ్య, తేదీ అడగని మంచి పత్రిక లేదు. పని పూర్తయ్యాక వెనక తేదీ వేసి తెచ్చుకునే కాగితం కాదది.

ఇప్పటివరకు: 2 వారాలు, 0 రూపాయలు, చేతిలో 0 షీట్లు.

దశ 1: కమిటీ ముందు

కమిటీ మూడు నెలలకు ఒకసారి కూర్చుంటుంది. మా దరఖాస్తు వెళ్ళిన రోజు నుంచి అనుమతి వచ్చేదాకా 11 వారాలు పట్టింది. ఈ వ్యవధిని వృథా అనుకోవడం నా మొదటి పొరపాటు. కమిటీలో వైద్యేతర సభ్యులు తప్పనిసరిగా ఉండాలన్న నియమం ఎందుకుందో ఆ సమావేశంలో తెలిసింది. బడిపంతులుగా పదవీ విరమణ చేసిన సభ్యులు ఒకరు మా ఫారం చూసి, "ఊరి పేరు, వయసు, తేదీ మూడూ రాస్తే పేరు తీసేసి ఏం లాభమండీ, ఆ ఊళ్ళో ఆ వారం పాము కరిచింది ఎవరినో పిల్లలు కూడా చెబుతారు" అన్నారు. ముగ్గురు వైద్యులము నెలరోజులు కూర్చుని తయారుచేసిన ఫారంలో ఆయన రెండు నిమిషాల్లో పట్టుకున్న లోపమిది.

అప్పుడు మార్చినవి:

1. ఊరి పేరు తీసేసి మండలం మాత్రమే ఉంచాము.
2. వయసును పదేళ్ళ అంతరాలుగా మార్చాము.
3. ఐ.పి. నంబరుకు (ఆసుపత్రిలో చేరినప్పుడు రోగికి ఇచ్చే సంఖ్య) బదులు మా సొంత వరుస సంఖ్య వేశాము. రెండింటినీ కలిపే జాబితా ఒకే ఒక కాగితం ప్రతి. అది బీరువాలో ఉంది, కంప్యూటర్‌లో లేదు.

ఇప్పటివరకు: 13 వారాలు, 0 రూపాయలు, 0 షీట్లు.

దశ 2: రికార్డు గది

క్యాజువాలిటీ రిజిస్టర్లలో "స్నేక్ బైట్" అని రాసిన వరుసలన్నీ ఏరాలన్నది మొదటి పద్ధతి. అది విఫలమైంది. మన పల్లెల్లో చీకటి పడ్డాక పామును పాము అనరు, పురుగు అంటారు. "పురుగు ముట్టింది బాబూ" అని తీసుకొస్తే, మన భాష తెలియని హౌస్‌సర్జన్ దాన్ని ఇంగ్లీషులోకి దించి "ఇన్‌సెక్ట్ బైట్" అని రాసుకున్నాడు. ఇక కట్లపాము తరచుగా నేలమీద పడుకున్నవారిని నిద్రలో కరుస్తుంది, గాటు కనిపించదు, కడుపునొప్పి, కనురెప్పలు వాలిపోవడం తప్ప చెప్పేందుకు ఏమీ ఉండదు. ఇటువంటివి "అన్‌నోన్ బైట్" కింద పడతాయి. అందుకని వెదికే మాటల జాబితాను పెంచి, కాటు, కుట్టడం, పురుగు, అన్‌నోన్, ఇన్‌సెక్ట్ అన్న మాటలున్న ప్రతి వరుసనూ మొదట చేర్చుకుని, షీటు చదివాకే తీసేయాలని నిర్ణయించాము. పురుగుమందు తాగిన కేసులు కూడా పొరపాటున వలలో పడ్డాయి కానీ, వాటిని చూడగానే పక్కన పెట్టవచ్చు.

రెండో వైఫల్యం దీనికన్నా పెద్దది. జాబితాలోని షీట్లలో 81 దొరకలేదు. పోయాయి అని రాసి ముందుకు సాగేవాళ్ళమే. రికార్డు గదిలో ఇరవై ఏళ్ళుగా పనిచేస్తున్న అటెండరు, ఆ సాయంత్రం తాళం వేస్తూ, "సచ్చిపోయినోల కట్టలు ఈ ర్యాకుల్లో ఉండవు డాటరు బాబూ, అవి యేరే బీరువా" అన్నాడు. పాముకాటు మరణం అసహజ మరణం కనుక మెడికో లీగల్ కేసు అవుతుంది. పోలీసు విచారణకు, పరిహారం దరఖాస్తుకు ఆ షీటు కావాలి. అందుకే దాన్ని విడిగా దాస్తారు. ఆ బీరువా తెరిపిస్తే 23 షీట్లు దొరికాయి. మిగిలిన 58 కోర్టులోనో, స్టేషన్లోనో ఉన్నాయి, లేదా నిజంగానే పోయాయి. ఆయన ఆ మాట అనకపోతే, చనిపోయినవారే తక్కువగా ఉన్న జాబితా మీద మేము ఆలస్యం లెక్క కట్టి, ఆలస్యానికీ మరణానికీ పెద్ద సంబంధం లేదని రాసి ఉండేవాళ్ళము.

వడపోత లెక్క:

1. రిజిస్టర్లలో దొరికిన వరుసలు: 412.
2. ఒకే మనిషికి క్యాజువాలిటీలో ఒక నంబరు, వార్డులో ఒక నంబరు పడి రెండుసార్లు వచ్చినవి: 37. మిగిలినవి 375.
3. ఎంత వెదికినా దొరకని షీట్లు: 58. మిగిలినవి 317.
4. చదివాక తేలు, కందిరీగ, పురుగుమందు అని తేలినవి: 29. మిగిలినవి 288.

ఇప్పటివరకు: 18 వారాలు, 2,100 రూపాయలు (జెరాక్సు 1,860, దుమ్ముకు మాస్కులు, గ్లవ్స్ 240), 288 షీట్లు.

దశ 3: ఎక్కించడం, ఇద్దరి చేతుల తేడా

ఎక్సెల్‌లో ఎక్కించడం మొదలుపెట్టాము. నాలుగో రోజున నెలలవారీ గీత గీసి చూస్తే వానాకాలపు కేసులు కొన్ని జనవరిలోకి జరిగి ఉన్నాయి. ఆ కంప్యూటర్‌లో తేదీ అమరిక అమెరికా పద్ధతిలో ఉంది. మేము 07/08 అని ఆగస్టు ఏడును రాస్తే అది జూలై ఎనిమిదిగా తీసుకుంది. రోజు 12 దాటిన తేదీలను తేదీలుగానే గుర్తించక అక్షరాలుగా ఉంచేసింది. గుర్తుపట్టే ఉపాయం సులువు: గడిలో తేదీ కుడివైపుకు అతుక్కుంటే దాన్ని ఎక్సెల్ తేదీగా తీసుకున్నట్టు, ఎడమవైపుకు అతుక్కుంటే అక్షరాలుగా వదిలేసినట్టు. మా వరుసలో రెండు రకాలూ కలిసి ఉన్నాయి. ఎక్కించినదంతా వదిలేసి ఉచితంగా దొరికే ఎపిడేటా అనే సాఫ్ట్‌వేరుకు మారాము. అందులో రోజు, నెల, సంవత్సరం మూడు వేరు గడులు. సమయం నాలుగు అంకెలు. 2359 దాటితే అది ఒప్పుకోదు.

తరువాత మొదటి 50 షీట్లను నేనూ, నర్సు సిస్టరూ ఒకరి జవాబులు ఒకరు చూడకుండా విడివిడిగా ఎక్కించాము. "ఇక్కడికి రాకముందు వేరేచోట చికిత్స తీసుకున్నారా" అన్న గడిలో మా ఇద్దరికీ 39 షీట్లలోనే పొసిగింది. వందకు 78 బాగానే ఉందనిపించింది కానీ గణాంకాల మేడమ్ ఒప్పుకోలేదు. అవును, కాదు అన్న రెండే జవాబులున్నప్పుడు యాదృచ్ఛికంగా కుదిరే వాటిని తీసేసి చూడాలన్నారు. అందుకు కప్పా లెక్క (1 వస్తే పూర్తిగా కుదిరినట్టు, 0 వస్తే యాదృచ్ఛికం కన్నా మెరుగు కానట్టు):

1. ఇద్దరూ అవునన్నవి 21, ఇద్దరూ కాదన్నవి 18, నేను మాత్రమే అవునన్నవి 7, సిస్టర్ మాత్రమే అవునన్నవి 4.
2. నిజంగా కుదిరినది: 39/50, అంటే 0.78.
3. నా అవునులు 28, సిస్టర్ అవునులు 25. యాదృచ్ఛికంగా కుదరగలిగినది: (28×25 + 22×25)/2500, అంటే 0.50.
4. కప్పా: (0.78 − 0.50)/(1 − 0.50) = 0.56.

తేడా ఎక్కడ వచ్చిందో ఆ 11 షీట్లను పక్కపక్కన పెట్టి చదివాము. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో టీటీ (ధనుర్వాతం రాకుండా ఇచ్చే) ఇంజెక్షన్ ఇచ్చి పంపితే నేను చికిత్స అన్నాను, సిస్టర్ కాదన్నారు. ఆకు పసరు పోసి, మంత్రం వేయించుకుని వస్తే ఆమె చికిత్స అన్నారు, నేను కాదన్నాను. ఇద్దరిలో ఎవరిదీ తప్పు కాదు, ప్రశ్నే తప్పు. దాన్ని మూడు గడులుగా విడదీశాము: వేరేచోట యాంటీవీనం ఎక్కించారా, ఇతర ఇంజెక్షన్లు మాత్రమే ఇచ్చారా, నాటు వైద్యం చేయించారా. మరో 50 షీట్ల మీద మొదటి గడికి 46 కుదిరాయి, కప్పా 0.84 వచ్చింది. అప్పుడే మిగతావి మొదలుపెట్టాము.

ఇప్పటివరకు: 27 వారాలు, 3,000 రూపాయలు (ఫారాల ముద్రణకు 900 కలిపి), 288 షీట్లు.

దశ 4: దీపాలు పెట్టే వేళ అంటే ఎన్ని గంటలు?

పత్రమంతా ఈ దశ మీదే నిలబడింది, ఈ దశలోనే ఎక్కువ సార్లు కూలింది. 288 షీట్లలో కాటు సమయాన్ని గడియారం ప్రకారం రాసినవి 104. మాటల్లో రాసినవి 121. అసలు రాయనివి 63. మాటల్లో రాసినవి ఇలా ఉన్నాయి: దీపాలు పెట్టే వేళ, కోడి కూసే ముందు, అన్నాలు తిని పడుకున్నాక, పొలం నుంచి తిరిగొస్తుంటే.

మొదట చేసింది: ఒక్కో మాటకు ఒక్కో గంట కేటాయించాము. దీపాలు పెట్టే వేళ అంటే సాయంత్రం ఆరున్నర. ఇది ఎందుకు పనికిరాదో పంచాంగం చూస్తే తెలుస్తుంది. శ్రీకాకుళంలో డిసెంబరులో ఐదున్నర కాకముందే పొద్దు గూకుతుంది, జూలైలో ఆరున్నర దాటుతుంది. గంటకు పైగా తేడా. మేము కొలుస్తున్నది గంటల్లో ఉండే ఆలస్యమే అయినప్పుడు, కొలత బద్దే కాలాన్నిబట్టి గంట సాగుతూ కుదించుకుపోతూ ఉంటే లాభమేముంది?

తరువాత చేసింది: ప్రతి మాటకూ ఒక గంట కాక, "ఇంతకన్నా ముందు కాదు, ఇంతకన్నా తరువాత కాదు" అని రెండు హద్దులు పెట్టాము. దీపాల వేళకు ఆ నెల సూర్యాస్తమయానికి అటూ ఇటూ అరగంట. ఆలస్యాన్ని నిమిషాల్లో చెప్పడం మానేసి మూడు గంటల లోపు, మూడు నుంచి ఆరు, ఆరు దాటినవి అని మూడు బుట్టలు చేశాము. హద్దులు రెండూ ఒకే బుట్టలో పడితే ఆ షీటును అందులో చేర్చాము. వేర్వేరు బుట్టల్లో పడితే లెక్కను రెండుసార్లు, ఒకసారి ముందు హద్దుతో, ఒకసారి వెనక హద్దుతో చేసి రెండు జవాబులూ పత్రంలో పెట్టాము. అసలు సమయమే లేని 63 షీట్లను ఈ లెక్క నుంచి తీసేసినా, వారెవరో చెప్పే వేరే పట్టిక ఇచ్చాము.

ఇంకొక దెబ్బ ఆసుపత్రి లోపలి నుంచి తగిలింది. 14 షీట్లలో పాము కరవకముందే రోగి ఆసుపత్రికి వచ్చినట్టు లెక్క వచ్చింది. రెండు రోజులు ఎపిడేటాను తిట్టుకున్నాము. చివరికి రాత్రి డ్యూటీలో కూర్చుని రిజిస్టరు ఎలా రాస్తారో చూస్తే విషయం తేలింది: రాత్రి ఎనిమిదింటికి పేజీ పైన తేదీ వేస్తారు, ఉదయం ఎనిమిది దాకా అదే పేజీ నడుస్తుంది. అర్ధరాత్రి దాటాక రెండింటికి వచ్చిన మనిషి నిన్నటి తేదీ కిందకు పోతాడు. నర్సుల మందుల చార్టులో మాత్రం తేదీ సరిగా మారుతుంది. దీనికి తోడు 8.20 అంటే ఉదయమా, రాత్రా అన్నది రిజిస్టరులో ఉండదు.

కాపీ చేసుకునేవారికి:

1. రాక సమయానికి రిజిస్టరును కాక, కేస్ షీటులో వైద్యుడు మొదటిసారి చూసి వేసిన సమయాన్ని తీసుకోండి.
2. మందు సమయానికి వైద్యుడు రాసిన ఆర్డరును కాక నర్సు చార్టును తీసుకోండి. ఆర్డరుకూ, సూది దిగడానికీ మధ్య గడిచే సమయమే మీరు కొలవవలసిన ఆలస్యంలో ఒక భాగం.
3. రుణాత్మక వ్యవధులు ఏవైనా వస్తే వాటిని తీసేయకండి. అవి మీ రికార్డులు ఎలా పుడుతున్నాయో చెబుతాయి.

ఇప్పటివరకు: 31 వారాలు, 3,000 రూపాయలు.

దశ 5: "పాజిటివ్" అన్న మాట, మారిన జిల్లా

రక్తం గడ్డకట్టే పరీక్ష మన దగ్గర ప్రధానంగా ఇరవై నిమిషాలదే. సిరలోంచి తీసిన రెండు మిల్లీలీటర్ల రక్తాన్ని శుభ్రమైన పొడి గాజు గొట్టంలో పోసి, కదపకుండా ఇరవై నిమిషాలు ఉంచి వంచి చూడాలి. గడ్డకట్టకపోతే రక్తపింజర వంటి వాటి విషం ఎక్కినట్టు అనుమానించాలి. మా షీట్లలో "క్లాటింగ్ టెస్ట్ పాజిటివ్" అని ఉంది. గడ్డకట్టిందని పాజిటివా, గడ్డకట్టలేదన్న అసాధారణత పాజిటివా? అడిగిన నలుగురు వైద్యులు రెండు రకాలుగా జవాబిచ్చారు. ఆ షీట్లలో పరీక్ష ఫలితాన్ని "తెలియదు" అని వేశాము. అంతేకాక కొంతకాలం గాజు గొట్టాలు లేక ప్లాస్టిక్ వాటిలో చేశారని సిస్టర్లు చెప్పారు. ప్లాస్టిక్‌లోనూ, డిటర్జెంటుతో కడిగిన గాజులోనూ ఈ పరీక్ష తప్పు చూపిస్తుంది. దీన్ని పరిమితుల్లో దాచకుండా రాశాము.

జిల్లా సంగతి త్వరగా తేలిపోయింది. 2022 ఏప్రిల్‌లో పాలకొండ, సీతంపేట పార్వతీపురం మన్యం జిల్లాలోకి, రాజాం విజయనగరం జిల్లాలోకి వెళ్ళాయి. మా మూడేళ్ళ కాలం ఈ మార్పుకు అటూ ఇటూ ఉంది కనుక "శ్రీకాకుళం జిల్లా రోగులు" అన్న మాటకు రెండు అర్థాలు వచ్చాయి. జిల్లాను వదిలేసి మండలం నుంచి ఆసుపత్రికి ఉన్న దూరాన్ని వాడాము.

దశ 6: రాయడం, పేర్ల వరుస

మొదటి చిత్తుప్రతి 4,900 పదాలు. పత్రిక హద్దు 3,000. మిగులంతా ఉపోద్ఘాతంలో ఉంది: ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో పాముకాటును నిర్లక్ష్యానికి గురైన ఉష్ణమండల వ్యాధుల జాబితాలో చేర్చడం, 2000 నుంచి 2019 దాకా మన దేశంలో సగటున ఏటా 58,000 మంది చనిపోయి ఉంటారన్న 2020 నాటి అంచనా, 2030 నాటికి మరణాలను సగం చేయాలని 2024లో కేంద్రం తెచ్చిన జాతీయ కార్యాచరణ ప్రణాళిక, ఇలా తెలిసినదంతా పోశాము. దాన్ని మూడు పేరాలకు కుదించి, మిగిలిన చోటును కాటు సమయం కొలిచిన పద్ధతికి ఇచ్చాము. ఈ ఒక్క మార్పు తరువాత మమ్మల్ని కాపాడింది.

పరిశీలనాత్మక అధ్యయనాల పత్రంలో ఏమేమి రాయాలో చెప్పే స్ట్రోబ్ అనే 22 అంశాల జాబితా ఉంది. దాన్ని చివర్లో నింపాము. 9 అంశాలకు జవాబు లేదని అప్పుడు తెలిసింది. ముఖ్యంగా, లేని సమాచారాన్ని ఏం చేశారు, వడపోతలో ఎవరు ఎక్కడ తగ్గారు అన్న ప్రశ్నలు. మా అదృష్టం, దశ 2 లెక్క కాగితం మీద ఉంది. ఆ జాబితాను మొదటి రోజే గోడకు అంటించి ఉండవలసింది.

రచయితల పేర్ల దగ్గర పని మూడు వారాలు ఆగింది. అంతర్జాతీయ వైద్య పత్రికల సంపాదకుల కమిటీ పెట్టిన షరతులు నాలుగు: పనిలో గణనీయమైన పాలు, రాయడంలోనో దిద్దడంలోనో పాలు, తుది ప్రతికి ఆమోదం, మొత్తం పనికి జవాబుదారీతనం. నాలుగూ ఉంటేనే రచయిత. పెద్దల పేరు మర్యాద కోసం చివర చేర్చడం మన కళాశాలల్లో ఎప్పటినుంచో ఉన్న అలవాటు, దాన్ని కాదనడం తేలిక కాదు. మేము గొడవపడలేదు, ఆ నాలుగు షరతుల కాగితం, చిత్తుప్రతి తీసుకెళ్ళి, "సార్, మీరు దిద్ది ఇస్తే మీ పేరు పెడతాము" అన్నాము. ఒకరు నిజంగానే దిద్దారు, చర్చ భాగం బాగుపడింది. ఒకరు పక్కకు తప్పుకున్నారు. సిస్టర్ పేరు రెండోదిగా ఉంది. షీట్లలో సగం ఎక్కించి, నిర్వచనాలు మార్చిన మనిషి ఆమె. రికార్డు గది అటెండరుకు కృతజ్ఞతల్లో చోటిచ్చాము. దానికి ఆయన రాతపూర్వక అనుమతి తీసుకుంటుంటే, "సంతకం ఏటికి బాబూ, నానేటి తప్పు సేసినాను" అని కంగారుపడ్డాడు.

ఇప్పటివరకు: 39 వారాలు, 4,200 రూపాయలు. ప్రతిని ఒక సీనియరుకు చూపించడానికి విశాఖపట్నం రెండుసార్లు వెళ్ళిరావడానికి అయిన 1,200 ఇందులో ఉన్నాయి. ఈ తోడు ప్రతి జిల్లాకూ దొరకదు. ఆఫ్రికాలోని అత్యవసర వైద్యుల పత్రిక ఆథర్ అసిస్ట్ అన్న పేరుతో, పత్రం పంపకముందే అనుభవజ్ఞులు స్వచ్ఛందంగా కొత్త రచయితలకు సాయపడే ఏర్పాటు చేసుకుంది. మనకూ అటువంటిది ఉంటే ఆ బస్సు ఖర్చు మిగిలేది.

దశ 7: ఎక్కడికి పంపాలి

చాలా పత్రికలు ప్రచురణకు రచయితల దగ్గరే రుసుము తీసుకుంటాయి. డబ్బు కట్టే శక్తి లేదు కనుక రుసుము మాఫీ గల పత్రికలు చూశాము. ఒక పెద్ద ప్రచురణ సంస్థ అప్పటి నిబంధన ప్రకారం అల్పాదాయ దేశాలకు మాఫీ ఉండేది. దిగువ మధ్యాదాయ దేశాలకు కూడా ఉండేది కానీ, మొత్తం జీడీపీ 20,000 కోట్ల డాలర్ల లోపు ఉండాలి. మన దేశం దిగువ మధ్యాదాయ దేశమే, అయినా దేశం పెద్దది కనుక జీడీపీ పెద్దది. పేద దేశాల ఆసుపత్రులకు పత్రికలను ఉచితంగానో చౌకగానో చదవనిచ్చే హినారి పథకంలోనూ మన పేరు లేదు. అంటే సీతంపేట కొండల నుంచి వచ్చే రోగి గురించి రాసే వైద్యుడు, దేశం పరిమాణాన్నిబట్టి ధనికుల వరుసలో నిలబడతాడు. దీని మీద కోపం తెచ్చుకుని ఒక వారం పోగొట్టుకున్నాను. ఆ వారం లెక్కలో రాయలేదు.

అయిదు రోజుల్లో ప్రచురిస్తామని రోజూ వచ్చే మెయిళ్ళలో ఒకదానికి మా జూనియరు పత్రం పంపబోయాడు. ఆ పేరు ఒక మంచి పత్రిక పేరుకు ఒక్క అక్షరం తేడా. అప్పటి నుంచి పెట్టుకున్న తనిఖీ:

1. పత్రిక చిరునామాను మెయిల్లోని లంకె నుంచి తెరవకూడదు, డి.ఓ.ఎ.జె. (ఉచితంగా చదవగల పత్రికల జాబితా) లోంచో పబ్‌మెడ్ (వైద్య పత్రాలు వెదికే సైటు) లోంచో తెరవాలి.
2. పత్రికకు ఉండే ఐ.ఎస్.ఎస్.ఎన్. గుర్తింపు సంఖ్యను విడిగా సరిచూడాలి.
3. సంపాదకవర్గంలో ఒకరిని ఎంచుకుని, వారు పనిచేసే సంస్థ పేజీలో ఈ పత్రిక ప్రస్తావన ఉందేమో చూడాలి.
4. రుసుము ఎంతో పంపకముందే రాసి ఉండాలి.

మొదటి పత్రిక రెండు రోజుల్లో తిప్పి పంపింది. స్థానిక ఆసక్తికే పరిమితమన్నారు. శీర్షికలో ఆసుపత్రి ఉన్న ఊరి పేరు ముందుంది, ప్రశ్న వెనక ఉంది. శీర్షికను తిప్పి రాశాము: కాటు సమయం గడియారంలో లేని చోట ఆలస్యాన్ని ఎలా కొలవాలి అన్నది ముందుకొచ్చింది, ఊరు వెనక్కు పోయింది. రెండో పత్రిక 16 వారాలు ఉంచుకుని, ఇద్దరు సమీక్షకుల 31 వ్యాఖ్యలతో తిరస్కరించింది. తిరస్కారమే అయినా ఆ 31 వ్యాఖ్యలు బంగారం. వాటిని పట్టికగా రాసుకుని, జవాబు చెప్పవలసిన అవసరం లేకపోయినా 31కీ జవాబు రాసి, ఆ ప్రకారం పత్రం మార్చి, రుసుము తీసుకోని మూడో పత్రికకు పంపాము.

ఇప్పటివరకు: 61 వారాలు, 4,200 రూపాయలు.

దశ 8: సమీక్షకుడి ప్రశ్న, రబ్బరు స్టాంపు

మూడో పత్రిక నుంచి 12 వారాలకు మార్పులు కోరుతూ ఉత్తరం వచ్చింది. ఒక సమీక్షకుడు రక్తం గడ్డకట్టే తీరును ల్యాబ్‌లో కొలిచే ప్రోథ్రాంబిన్ పరీక్ష, ఫైబ్రినోజెన్ విలువలు ఎందుకు లేవని అడిగాడు. మొదటి జవాబులో నేను క్షమాపణ రాశాను. గణాంకాల మేడమ్ దాన్ని కొట్టేసి, "రాత్రి ల్యాబ్ లేదని క్షమాపణ ఎందుకండీ, ఉన్నదేదో రాయండి" అన్నారు. తిరిగి రాసిన జవాబులో, రాత్రిపూట వచ్చే రోగికి చికిత్స నిర్ణయం ఇరవై నిమిషాల పరీక్ష మీదే జరుగుతుందని, ఆ నిర్ణయానికి పట్టిన సమయమే మా అధ్యయన విషయమని, కనుక అప్పుడు లేని పరీక్ష విలువలు ఈ ప్రశ్నకు అవసరం లేవని రాశాము. ప్రతి జవాబు కింద మార్చిన పేజీ, వరుస సంఖ్య ఇచ్చాము. రెండు వారాలు పట్టింది. దీపాల వేళ పద్ధతి గురించి ఇద్దరు సమీక్షకులూ అడిగారు కానీ, దానికి జవాబు అప్పటికే పత్రంలో ఉంది.

ఈలోగా కేస్ షీటునే మార్చాలనుకున్నాము. ముద్రించిన ఫారం మార్చడానికి పైనుంచి అనుమతి కావాలి. రబ్బరు స్టాంపుకు అక్కర్లేదు. 350 రూపాయలు స్టాంపు, 120 ఇంకు ప్యాడ్. మొదటి స్టాంపులో కాటు సమయం, రాక సమయం, తొలి వయల్ సమయం అని మూడు ఖాళీలు పెట్టి తేదీ మరిచిపోయాము; అర్ధరాత్రి సమస్య మళ్ళీ మొదలైంది. ఖర్చు మా తప్పే కనుక రెండో స్టాంపు డబ్బులు నా జేబులోంచి ఇచ్చాను, లెక్కలో కలపలేదు. రెండో దానిలో ప్రతి సమయం పక్కనా తేదీ ఖాళీ, కింద "సమయం ఎవరు చెప్పారు: రోగి / బంధువు / 108 సిబ్బంది" అన్న వరుస చేర్చాము. గడియారం సమయం తెలియకపోతే వాళ్ళన్న మాటను తెలుగులో, వాళ్ళన్నట్టే రాయమని సిస్టర్ల గది తలుపు మీద కాగితం అంటించాము.

ఇప్పటివరకు: 75 వారాలు, 4,670 రూపాయలు, ప్రచురణ రుసుము 0. సవరించిన ప్రతి వెళ్ళింది, జవాబు రాలేదు.

స్టాంపు వేసిన మొదటి నెలలో 22 కేసులు వచ్చాయి. 19 షీట్లలో ఖాళీలన్నీ నింపారు. మిగిలిన మూడూ రాత్రి డ్యూటీవి. ఒకదాని మీద స్టాంపు అచ్చు సగమే పడింది, ప్యాడ్ ఎండిపోయింది. ఇంకు సీసా కొని మందుల ట్రాలీ కింది అరలో పెట్టించాము.